టీడీఎస్ మీటర్ ప్రకారం కొబ్బరి బొండం తాగకూడదు

దసరా సెలవులకి ఇంటికి వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ఒక టీడీఎస్ మీటర్ ఆర్డర్ పెట్టాను. పెన్ను సైజులో ఉంటుంది. నీళ్లలో ముంచితే ఒక నంబరు చూపిస్తుంది. ధర 189 రూపాయలు. పేజీలో ఎర్ర అక్షరాలతో ‘ఇంకా 2 మాత్రమే ఉన్నాయి’ అని ఉంటే కంగారుపడి వెంటనే కొనేశాను. పది రోజుల తర్వాత ఊరికే చూశాను, ఇంకా 2 మాత్రమే ఉన్నాయి. దీనికో పేరుంది, ఫాల్స్ అర్జెన్సీ. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయల జాబితా ఉంది, అందులో మొదటిదే ఇది. మన క్లాసులో సగం మంది రేపు ఇలాంటి పేజీలే కోడ్ చేస్తారు కాబట్టి ఒకసారి చదివి పెట్టుకోండి.

మా ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు వినబడేంత దగ్గర. ఆన్‌లైన్ ఫారంలో డోర్ నంబర్ గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. 0-0 అని కొట్టాను. ల్యాండ్‌మార్క్ అని అడిగితే ‘రామమందిరం ఎదురు’ అని రాశాను. ఉద్దానంలో రామమందిరం లేని ఊరు ఏదైనా ఉంటే చెప్పండి. డెలివరీ అన్న పక్క ఊరి రామమందిరం ఎదురుగా నిలబడి నాకు ఫోన్ చేశాడు. మర్నాడు, ఆ మర్నాడు కూడా ఫోన్‌లో ‘ఈరోజు మీ చేతికి వస్తుంది’ అనే మెసేజ్ వచ్చింది గానీ పార్సిల్ మాత్రం పలాస దాటలేదు. చివరికి నేనే బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. డెలివరీ ఫ్రీ, బస్సు చార్జీ నాది.

అయినా పార్సిల్ విప్పడంలో ఉన్న ఆనందం వేరు. గాలి బుడగల కవర్ మా తాత తీసుకున్నాడు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ టప్ టప్ మని పేలుస్తూ, “ఏటిరా అది?” అన్నాడు.

“నీళ్లు మంచివో కావో చెప్తుంది తాతా.”

“పెన్నుకేటి తెలుస్తాదిరా?”

ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్నకి జవాబు.

పెన్ను నిజంగా కొలిచేది ఏమిటి

మొదటిరోజు దొరికిన ప్రతిదాంట్లో ముంచాను. ఇంటి బోరు నీళ్లు 640. ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాను 38. వీధి కుళాయి 170. మర్నాడు టెక్కలి వెళ్తే పిన్ని వాళ్లింట్లో కూడా ముంచాను, 410 వచ్చింది. పిన్ని “ఇల్లు చూడ్డానికొచ్చావా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చావా” అంది. ఆ తర్వాత తోటలో బొండం కొట్టించి అందులో ముంచాను. 2700.

మన దేశంలో తాగునీటికి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థం, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా పరవాలేదు. మరి 2700 ఉన్న బొండం నీళ్లు మనిషి తాగడానికి పనికిరావు! ఉద్దానంలో నిలబడి ఈ మాట అంటే కొడతారు. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. మాకు కొబ్బరి చెట్టు ఇంట్లో మనిషి కింద లెక్క. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి తోటలన్నీ పడగొట్టినప్పుడు మా ఊళ్లో జనం చెట్ల దగ్గర కూర్చుని ఏడ్చారు.

నిజానికి ఆ పెన్ను నీళ్లలో కరిగినవాటిని కొలవదు. దాని చివర రెండు చిన్న లోహపు మొనలుంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూస్తుంది. దీన్ని తెలుగులో విద్యుద్వాహకత అంటారని మన క్లబ్ సీనియర్ చెప్పింది. నేను కండక్టివిటీ అనే రాస్తాను, మన్నించాలి. ఆ కండక్టివిటీ విలువని ఒక స్థిరసంఖ్యతో, చాలా పెన్నుల్లో 0.5తో, గుణించి తెర మీద వేస్తుంది. అంటే లోపల ఉన్నది ఒక్క లైను కోడ్. ఆ 0.5 కూడా ఉప్పు నీళ్లకి ఉజ్జాయింపుగా సరిపోయే సంఖ్య, అంతే.

కరెంటు పోవాలంటే నీళ్లలో అయాన్లు ఉండాలి. ఉప్పు, కాల్షియం, పొటాషియం లాంటివి కరిగితే అయాన్లు అవుతాయి. బొండంలో పొటాషియం దండిగా ఉంటుంది కాబట్టి పెన్ను అదిరిపోయింది. మరి అయాన్లు కానివి కరిగితే?

ఇది మీరే హాస్టల్‌లో చేసి చూడొచ్చు. గ్లాసు మంచినీళ్లలో పెన్ను ముంచి నంబరు రాసుకోండి. నాలుగు చెంచాల పంచదార వేసి కలపండి. నీళ్లు పానకం అవుతాయి. పెన్ను మాత్రం దాదాపు అదే నంబరు చూపిస్తుంది. ఇప్పుడు ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయండి, నంబరు వందల్లోకి ఎగురుతుంది. పంచదార నీళ్లలో కరుగుతుంది గానీ అయాన్లుగా విడిపోదు. పురుగుమందుల్లో చాలావాటిది కూడా ఇంచుమించు ఇదే కథ. ఇక బ్యాక్టీరియా అసలు కరిగే పదార్థమే కాదు.

పెన్నుకి కనబడే అయాన్ల సంగతైనా చూద్దాం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక బావిలో 3 ఉందనుకోండి, అంటే హద్దుకి రెట్టింపు. ఆ తేడా వల్ల పెన్ను మీద నంబరు 640 నుంచి ఏ 642కో మారుతుంది. ఎవరు గుర్తుపడతారు? సీసం హద్దు 0.01 మిల్లీగ్రాములు. పెన్ను చూపగలిగే అతి చిన్న తేడా 1. అంటే సీసం హద్దుకి వంద రెట్లు అయితే తప్ప తెర మీద ఒక్క అంకె కూడా కదలదు. మిల్లీమీటర్ల లెక్క తేల్చడానికి కిలోమీటరు రాళ్లు చూసినట్టు.

అలాగని పెన్ను పనికిరాదని కాదు. ఆర్‌ఓ ఫిల్టర్‌లో లోపలి పొర చెడిపోయిందా లేదా చెప్పడానికి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. నిన్న 38 వచ్చిన క్యాను ఈరోజు 300 చూపిస్తే ఏదో జరిగిందని అర్థం. ఒకే నీళ్లలో మార్పు కనిపెట్టే కాపలాదారు అన్నమాట. మంచీ చెడ్డా తీర్పు చెప్పమంటే మాత్రం అది దాని ఉద్యోగం కాదు.

రెండు గ్లాసుల మ్యాజిక్

ఇదంతా ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి.

2016లో, నాకు పదేళ్లప్పుడు, మా ఇంటికి ఒక వాటర్ ఫిల్టర్ల సేల్స్‌మన్ వచ్చాడు. ఏ కంపెనీయో చెప్పను. టక్ చేసుకున్న మనిషి, అమ్మని ‘అక్కా’ అన్నాడు. రెండు గాజు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన సీసాలోని నీళ్లు పోశాడు. సంచిలోంచి ఒక చిన్న యంత్రం తీశాడు. దానికి కిందకి నాలుగు ఇనుప చువ్వలు. రెండు గ్లాసుల్లోనూ ముంచి స్విచ్ వేశాడు. నిమిషం గడిచేసరికి మా నీళ్లు పసుపయ్యాయి, తర్వాత గోధుమరంగు, తర్వాత నల్లగా తెట్టు కట్టింది. అతని గ్లాసు మాత్రం తేటగా అలాగే ఉంది.

“చూశారా అక్కా, మీరు రోజూ తాగుతున్నది ఇదే. కిడ్నీలో చేరేది ఇదే.”

వేరే ఊళ్లో అయితే ఆ మాట ఎలా వినబడేదో తెలీదు. మా దగ్గర కిడ్నీ అనే మాట అలా వాడకూడదు. 1990ల చివరినుంచి ఉద్దానం పల్లెల్లో షుగరూ బీపీ లాంటి మామూలు కారణాలేవీ లేకుండానే కిడ్నీలు పాడైపోతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు కూలీలకి కూడా ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమా, నొప్పి మాత్రలా, వంశంలో ఉన్నదా, ఇవన్నీ కలిసా అని ఎందరో పరిశోధిస్తూనే ఉన్నారు. ఒకటే కారణం అని ఇప్పటికీ తేలలేదు. కారణం తెలియని జబ్బు ఉన్నచోట భయానికి ఏ రూపమైనా ఇవ్వొచ్చు. ఆ రోజు దానికి నల్ల తెట్టు రూపం ఇచ్చారు.

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. వారంలో ఫిల్టర్ వచ్చింది, పన్నెండు నెలల వాయిదాల మీద.

నాకు ఆ మ్యాజిక్ ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో అర్థమైంది. అది మామూలు ఎలక్ట్రాలిసిస్. మా బోరు నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారింది. కరెంటు పారితే ఇనుప చువ్వ కరుగుతుంది. కరిగిన ఇనుము నీళ్లతో కలిసి తుప్పుగా మారి తెట్టు కడుతుంది. అంటే ఆ నల్లదనం మా నీళ్లది కాదు, అతని చువ్వది. అతని సీసాలో ఉన్నవి ఆర్‌ఓ నీళ్లు, అయాన్లు దాదాపు లేవు, కరెంటు పారలేదు, కాబట్టి తేటగా ఉండిపోయాయి.

ఈ సెలవుల్లో అదే చేశాను. 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఇనుప మేకులు, రెండు పాత గ్లాసులు. (చేస్తే కిటికీ తీసి చేయండి, ఆ నీళ్లు పారబోయండి, గ్లాసు మళ్లీ వంటింట్లో పెట్టకండి.) మొదట ఆర్‌ఓ క్యాను నీళ్లు. పది నిమిషాలైనా ఏమీ కాలేదు. అప్పుడు అమ్మని పిలిచి ఆమె చేత్తోనే చిటికెడు ఉప్పు వేయించాను, ఆమె రోజూ పప్పులో వేసే ఉప్పే. కాసేపటికి అవే నీళ్లు గోధుమరంగులోకి తిరిగి తెట్టు కట్టాయి.

అమ్మ చాలాసేపు ఆ గ్లాసు వైపే చూసింది. నవ్వుతుందనుకున్నాను. “పద్నాలుగు వేలురా” అంది. కాసేపయ్యాక, “అది పెట్టిన అయిదేళ్లకి కదా మీ తాతకి బయటపడింది” అంది.

2021లో తాతకి కాళ్లు వాచాయి. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 3.1. మగవాళ్లకి సుమారు 0.7 నుంచి 1.3 మధ్య ఉండాలి. కిడ్నీ సరిగ్గా వడపోస్తే ఈ వ్యర్థం రక్తంలో పేరుకోదు, వడపోత తగ్గినకొద్దీ పెరుగుతుంది. ఇబ్బంది ఏమిటంటే, వడపోత శక్తి సగానికి పడిపోయేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. ఫిల్టర్ పెట్టాం కదా అని మేమెవరం పరీక్ష చేయించుకోలేదు. ఆ పద్నాలుగు వేలకి మేం కొన్నది నీళ్లతోపాటు ధీమా కూడా, ఆ రెండోది నాసిరకం సరుకు. ఫిల్టర్ వద్దనడం లేదు, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. తాత అరవై ఏళ్లు తోటల్లో, ఎండలో, పొలం బావుల నీళ్లు తాగి పనిచేసిన మనిషి. ఫిల్టర్ ముందే వస్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అమ్మకి మాత్రం ఆ లెక్క ఇంకా తెగలేదు.

డాక్టరు ఇచ్చిన కాగితంలో తాత మానెయ్యాల్సినవి ఉన్నాయి. పొటాషియం ఎక్కువ కాబట్టి బొండం నీళ్లు వద్దు. పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఉన్నాయి కాబట్టి జీడిపప్పు వద్దు. చూశారా, ఉద్దానంలో పుట్టిన మనిషికి కొబ్బరీ లేదు, జీడీ లేదు. పెన్ను బొండాన్ని వద్దంటే నేను నవ్వాను. తాత నవ్వలేదు. “నాకైతే అది నిజమే సెప్పినాదిరా” అన్నాడు.

జీడిపప్పు లెక్క

హాస్టల్లో నా పేరు కన్నా ‘పలాస’ అనే పేరు ఎక్కువ మందికి తెలుసు. సెలవులనుంచి తిరిగొస్తే నా బ్యాగ్ నేను విప్పను, వాళ్లే విప్పుతారు. కాబట్టి ఇక్కడ కొంచెం గర్వంగా రాస్తాను.

పలాస–కాశీబుగ్గ జంట ఊళ్లలో జీడిపప్పు పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. మా తోటల్లో కాసిన పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలు కూడా ఇక్కడ పప్పు అవుతాయి. అంటే మీరు కొన్న ‘పలాస జీడిపప్పు’లో పలాస పనితనం ఖాయం, పలాస మన్ను మాత్రం ఖాయం కాదు. మా రైతులకి ఈ విషయం మీద ఎప్పటినుంచో బాధ ఉంది. వాళ్లు 80 కేజీల బస్తా లెక్కన అమ్ముతారు. బయటి పిక్కలు చవగ్గా దిగితే ఇక్కడి బస్తా ధర పడుతుంది. షాపులో కేజీ పప్పు ధర మాత్రం ఆ లెక్కన పడినట్టు మీకెప్పుడైనా కనిపించిందా?

ప్యాకెట్ మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. చాలామంది అది ఏదో బ్యాచ్ నంబర్ అనుకుంటారు. డబ్ల్యూ అంటే విరగని పప్పు. 240 అంటే ఒక పౌను బరువుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు తూగుతాయని. 320 అయితే 300 నుంచి 320. సంఖ్య పెరిగినకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. డబ్ల్యూ 180 అన్నిటికంటే పెద్దది, పెళ్లి బహుమతుల డబ్బాల్లో కనబడే రకం. విడిపోయినవి బద్దలు, ఇంకా విరిగితే ముక్కలు. రుచిలో తేడా ఉండదు. పాయసంలోకి, ఉప్మాలోకి నిండు పప్పు కొనేవాళ్లని చూస్తే మా ఊరివాళ్లకి నవ్వొస్తుంది. వేయించేముందు ఎలాగూ విరుస్తారు కదా.

మొన్న మా రూమ్మేట్ ఒక యాప్‌లో 200 గ్రాముల ప్యాకెట్ తెప్పించాడు. డబ్ల్యూ 240 అని రాసుంది. నాకు చూపు ఆనింది, చిన్నగా ఉన్నాయి. దుప్పటి మీద పోసి నలుగురం లెక్కపెట్టాం. 134. డబ్ల్యూ 240 అయితే 200 గ్రాములకి 97 నుంచి 106 మధ్య రావాలి. 134 అంటే పౌనుకి 304, అంటే అవి డబ్ల్యూ 320. ఫొటోలు తీసి కంప్లైంట్ పెట్టాం. అవతల ఉన్నది బాట్. ‘మీ ఇబ్బందికి చింతిస్తున్నాం’ అని అయిదుసార్లు చింతించింది. ఇక 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తామని టైప్ చేశాక మనిషి వచ్చాడు. డబ్బు వాపసు వచ్చింది. పప్పు అప్పటికే లెక్కల్లో సగం తగ్గిపోయింది, అది వేరే సంగతి. ఆ సాయంత్రం మేం గెలిచినంత సంబరంగా మా కాలేజీ క్రికెట్ టీం కూడా ఎప్పుడూ గెలవలేదు.

నాకు తర్వాత తట్టింది ఒక్కటే. ఆ గెలుపు ఎలా వచ్చింది? ప్యాకెట్ మీద ఒక మాట రాసుంది, ఆ మాటని దుప్పటి మీద పోసి లెక్కపెట్టగలిగాం. మా ఇంటికి వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ల క్యాను మీద ఏం రాసుంది? ప్లాంటు పేరు, ఫోన్ నంబరు, ఒక జలపాతం బొమ్మ. పండక్కి పాయసంలో వేసే పప్పుకి గ్రేడు ఉంది. రోజూ తాగే నీళ్లకి లేదు.

క్యాను ముందు ఏం అడగాలి

ఉద్దానంలో నీళ్లు కొనడం ఈరోజు మొదలైంది కాదు. 2014 అక్టోబర్ 2న రాష్ట్రంలో ఎన్టీఆర్ సుజల పథకం మొదలైనప్పుడు 20 లీటర్లు 2 రూపాయలు. తర్వాత ప్రైవేటు ప్లాంట్లు ఊరూరా వచ్చాయి. 2023 డిసెంబర్ 14న ఉద్దానం మంచినీటి పథకం, వైఎస్సార్ సుజలధార, ప్రారంభమైంది. సుమారు 700 కోట్ల ఖర్చుతో హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని పైపుల్లో ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా 7 మండలాలకి తెచ్చే పథకం. అదేరోజు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. నేను 170 చూసిన వీధి కుళాయి ఆ ఏటి నీళ్లదే.

అయినా మా వీధిలో క్యాన్లు తగ్గలేదు. కుళాయి నీళ్లు మందు వాసన అంటారు. ఆ వాసన క్లోరిన్‌ది. పైపుల్లో, బిందెలో క్రిములు పెరగకుండా కాపలా కాసేది అదే. ఆర్‌ఓ క్యానులో ఆ కాపలా లేదు. నీళ్లు ఎంత శుద్ధిగా బయల్దేరినా, క్యాను సరిగ్గా కడక్కపోయినా, ఎండలో ఉన్నా, మూత తీసి నాలుగు రోజులు ఉంచినా క్రిములు చేరొచ్చు. పెన్ను అప్పుడు కూడా 38 అనే అంటుంది.

నేను తెలుసుకున్నంతలో అడగాల్సినవి ఇవి. సీలు, లేబుల్ ఉన్న నీళ్లయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ఉండాలి. వాళ్ల సైటులో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. సీలు లేని క్యాను అయితే ప్లాంటు వాళ్లని ల్యాబ్ రిపోర్టు అడగాలి, అందులో తేదీ చూడాలి, టీడీఎస్ కాకుండా ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా వరసలు ఉన్నాయో లేదో చూడాలి. సొంత బోరు ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించొచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకి పరీక్ష కిట్లు ఇచ్చి శిక్షణ కూడా ఇచ్చారు. ఉద్దానంలో ఉన్నవాళ్లు నీళ్ల పరీక్షతో పాటు ఏడాదికోసారి క్రియాటినిన్ కూడా చేయించుకోవాలి. మా ఇంట్లో ఈ సెలవుల్లో నలుగురం చేయించుకున్నాం. నాది 0.9.

తిరుగు ప్రయాణం ముందురోజు ప్లాంటుకి వెళ్లాను. ఓనర్‌ని చిన్నప్పటినుంచి బాబాయ్ అంటాను.

“బాబాయ్, మన నీళ్లు టెస్టింగ్ చేయించిన కాగితం ఏమైనా ఉందా?”

“కాగితమెందుకురా? సూడు” అని జేబులోంచి ఒక పెన్ను తీసి గ్లాసులో ముంచాడు. అదే పెన్ను. అదే 189 రూపాయలది, అదే నీలం మూత. “ముప్పయెనిమిది. ఇంకేటి గావాల?”

నా పెన్ను కూడా తీసి చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత పంచదార సంగతి చెప్పాను. నమ్మలేదు. టీ కొట్టు నుంచి పంచదార తెప్పించి అక్కడే చేశాం. రెండు పెన్నులూ ముంచాడు, కలిపాడు, మళ్లీ ముంచాడు. “ఇన్నేళ్లలో నన్ను కాగితం అడిగినోడివి నువ్వే ఫస్టు” అన్నాడు. కోపంగా కాదు.

మూడు వారాల తర్వాత అమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. శ్రీకాకుళం ల్యాబ్ రిపోర్టు, తేదీ ఈ నెలదే. ప్లాంటు గోడకి అంటించారట. కింద అమ్మ వాయిస్ మెసేజ్, “ఇందులో ఏది చూడాలో చెప్పరా.” ఫోన్ చేసి వరసగా చదివించాను. ఫ్లోరైడ్ హద్దులోనే ఉంది. నైట్రేట్ హద్దులోనే ఉంది. బ్యాక్టీరియా దగ్గర, కుళాయి మూతి నుంచి తీసిన నమూనా బాలేదు, మళ్లీ శుభ్రం చేసి పంపమని రాసుంది.

వెనకనుంచి తాత గొంతు వినబడింది. “బొండం గురించి ఏటైనా రాసినారేటి?”

“లేదు తాతా.”

“అయితే ఆళ్లకేటీ తెలీదు” అన్నాడు.